కుక్క పేరు కోసం వేల్స్ యాత్ర

మన దేశంలో కుక్కలకు ఇంగ్లీషు పేర్లు పెట్టడం ఎప్పుడు మొదలయిందో గాని, టామీ, జిమ్మీ, టైగర్, సీజర్ - వీటిలో ఒక్కటయినా లేని వీధి మేమెరిగినంతలో లేదు. ఇంగ్లీషు ముక్క రాని ఇంట్లో కూడా కుక్కతో మాత్రం "కమాన్ టామీ" అంటారు. ఇంగ్లండులో కాపురమున్న మాకు ఆ సరదా లేకుండా పోయింది. ఇక్కడ టామీలు, జిమ్మీలు మనుషుల్లోనే ఉన్నారు. మా పాల మనిషి పేరే జిమ్మీ.

మాంచెస్టరు దగ్గరి మా ఇంటికి ఈ మధ్య ఒక కుక్క వచ్చింది. అనాథ కుక్కలను ఉంచే ఆశ్రమం నుంచి తెచ్చుకున్నాం. ఆడది, ఏడాది వయసు, నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. జాతి ఏమిటంటే ఎవరూ చెప్పలేరు. పేరు పెట్టే బాధ్యత పిల్లలది అన్నాం. మా అబ్బాయికి పదకొండేళ్ళు. వాడికి బడిలో మధ్యయుగాల చరిత్ర చెబుతున్నారు. కోటలు, కత్తులు, గుర్రాలు తప్ప వేరే ధ్యాస లేదు. "మధ్యయుగాల పేరే పెట్టాలి" అని పట్టుబట్టాడు. సరే గాని రెండు షరతులు అన్నాం. పెరటి గుమ్మంలో నిలబడి కేకేస్తే అందేటంత చిన్నదిగా ఉండాలి. ఇండియా నుంచి వచ్చి మాతో ఉంటున్న మా అమ్మగారి నోరు తిరగాలి.

వాడు లైబ్రరీకి పోయి పెద్ద జాబితాతో వచ్చాడు. పదిహేనో శతాబ్దపు ఇంగ్లీషు రాతప్రతి ఒకదానిలో వేటకుక్కలకు తగిన పేర్లు 1,065 రాసి ఉన్నాయట! నోస్‌వైజ్, హోల్డ్‌ఫాస్ట్, రింగ్‌వుడ్, ఏమియబుల్, చివరికి నేమ్‌లెస్ కూడా. పేరు లేనిదని పేరు పెట్టడం చూసి మా అమ్మగారు "అయితే అనామిక అనండి, శుభ్రంగా ఉంటుంది" అన్నారు. 1400లో చనిపోయిన చాసర్ మహాకవి తన కోడిపుంజు కథలో నక్కను తరిమిన కుక్కలకు కోల్, టాల్బట్, గెర్లండ్ అని పేర్లిచ్చాడు. ఎనిమిదో హెన్రీ రాణి ఆన్ బొలీన్ ముద్దుల కుక్క పేరు పర్కోయ్. ప్రతిదానికీ తల వంచి "ఎందుకు?" అన్నట్టు చూసేదట. ఫ్రెంచిలో ఎందుకు అనే మాటే దానికి పేరయింది. మేము మనవైపు చరిత్ర కూడా చూడరాదా అని రుద్రమ పేరెత్తాం. మా అమ్మగారు చేతిలో గరిటె కింద పెట్టి, "కాకతీయ మహారాణి పేరు పెట్టి కుక్కని పిలుస్తారుట్రా?" అన్నారు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. ఈ గొడవలో అది చెప్పిందల్లా ఒక్కటే. "ఏదయినా సరే, ఇక్కడివాళ్ళు పలకగలిగిన పేరు పెట్టండి. నా పేరుతో నేను పడేది చాలు." బడిలో దాని పేరును ఒక్కొక్క టీచరు ఒక్కొక్క రకంగా విరుస్తారు. ఇప్పుడు అదే విరిచి, రెండక్షరాలు చేసి చెప్పుకుంటోంది. ఈ సంగతి మాకు అప్పుడే తెలిసింది.

ఇంతలో ఈస్టరు సెలవులు వచ్చాయి. చరిత్రలో పేరు మోసిన కుక్కలు రెండు మాకు దగ్గరలోనే, ఉత్తర వేల్స్‌లో ఉన్నాయి కదా, చూసివద్దామని బయలుదేరాం. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ సీసా, ఫ్లాస్కులో కాఫీ, కుక్కకు దాని తిండి, అందరికీ వాన కోట్లు సర్దుకున్నాం. వేల్స్ వెళ్ళేవారు మిగతావి మరిచినా వాన కోట్లు మరవరాదు.

మొదటి మజిలీ ఫ్లింట్. డీ నది సముద్రంలో కలిసే చోట, బురద ఒడ్డు మీద ఉన్న శిథిలమైన కోట. మొదటి ఎడ్వర్డు వేల్స్ మీదికి దండెత్తి వచ్చి 1277లో మొదలుపెట్టిన కోట ఇది. ఒక బురుజు మిగతా కోటకు దూరంగా, తన కందకం తనే పెట్టుకుని విడిగా ఉంటుంది. 1399లో రెండో రిచర్డ్ రాజు తన దాయాది హెన్రీ బోలింగ్‌బ్రోక్ చేతికి చిక్కింది ఇక్కడే. ఫ్రెంచి చరిత్రకారుడు ఫ్రోయిసార్ ఒక ముచ్చట రాశాడు. రాజుగారికి మాతె అనే వేటకుక్క ఉండేదట. రాజు తప్ప మరొకరి దగ్గరికి పోయేది కాదట. ఆ రోజున రాజును వదిలి, హెన్రీ భుజాల మీద కాళ్ళు వేసి గారాలు పోయిందట. రాజు అది చూసి, ఇక రాజ్యం నీదే, కుక్కకు ముందే తెలిసింది అన్నాడట. జరిగిందో, కొత్త రాజును మెప్పించడానికి పుట్టిందో గాని, గాలివాటు మనుషులను చూసిన మనకు ఈ కథ కొత్త కాదు. పులిహోర తింటూ పిల్లలకు చెప్పాం. "మాతె వద్దు" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. మా కుక్క మాత్రం పులిహోర పెట్టినవారి వైపే తిరిగి కూర్చుంది.

అక్కడినుంచి సముద్రం పక్కనే పోయి, కాన్వీ లోయలోకి తిరిగి లాన్‌రస్ట్ చేరాం. చిన్న ఊరు. అక్కడి గుడిని ఆనుకున్న గ్విదిర్ చాపెల్‌లో మూత లేని పెద్ద రాతి శవపేటిక ఉంది. వేల్స్ రాజుల్లో మహారాజు అనిపించుకున్న లువెలిన్‌దని చెబుతారు. గ్వినెద్ రాజ్యాన్ని ఏలినవాడు. ఇంగ్లండు రాజు జాన్ కూతురు జోన్‌ను 1205లో పెళ్ళాడి, మామగారితోనే యుద్ధాలు చేసినవాడు. 1240లో చనిపోయాడు. మనం వెతుకుతున్న రెండో కుక్క ఈయనదే.

బెట్‌వ్‌స్-ఎ-కోయిడ్, కేపెల్ కూరిగ్ దాటాక కొండలు దగ్గరికి వచ్చేస్తాయి. లోయలో గ్వినాంట్ చెరువు, తరువాత దినాస్ చెరువు. ఎటు చూసినా గొర్రెలు, రాతి గోడలు, జలజలమనే వాగులు. గ్లాస్లిన్, కోల్విన్ అనే రెండు ఏళ్ళు కలిసేచోట రాతి వంతెన, దాని చుట్టూ నల్లరాతి ఇళ్ళు. అదే బెద్‌గెలెర్ట్. వెల్ష్‌లో బెద్ అంటే సమాధి. రాయడానికి రెండు 'డి'లు రాస్తారు గాని పలకడం ఇంచుమించు మన 'ద'యే.

ఏటి గట్టున పచ్చిక మీద కొద్దిదూరం నడిస్తే, చెట్ల కింద ఇనుప కంచెలో నిలువు రాళ్ళు, వెల్ష్‌లోనూ ఇంగ్లీషులోనూ చెక్కిన పలకలు కనిపిస్తాయి. కథ ఇది. లువెలిన్ వేటకు పోయినప్పుడు తన కుక్క గెలెర్ట్ వెంట రాలేదు. తిరిగి వచ్చేసరికి కుక్క నోటినిండా రక్తంతో ఎదురొచ్చింది. లోపల చంటిబిడ్డ ఉయ్యాల తలకిందులై ఉంది, బట్టలు నెత్తుటి మయం. బిడ్డను తిన్నదని కత్తి దూసి పొడిచాడు. కుక్క చావుకేక విని ఉయ్యాల కింద బిడ్డ కేరుమంది. పక్కనే చచ్చిన తోడేలు. ఆ తరువాత రాజు మళ్ళీ నవ్వలేదట.

మా అబ్బాయి కంచె పట్టుకుని గుడ్లనీరు కుక్కుకున్నాడు. మా అమ్మగారికి ఇంగ్లీషు పలక చదివి అర్థం చెప్పబోతే, సగంలోనే "ఇది మన ముంగిస కథే కదరా!" అన్నారు. అవును, పంచతంత్రం అయిదో తంత్రంలో బ్రాహ్మణి నీళ్ళకు పోయి వచ్చేసరికి ముంగిస నెత్తుటి మూతితో ఎదురురావడం, కడవ ఎత్తివేసి దాన్ని చంపడం, ఉయ్యాల దగ్గర పాము ముక్కలై ఉండడం - మనలో ఉగ్గుపాలతో వినని వారెవరు?

ఆ ముంగిస వేల్స్ దాకా వచ్చిన దారి పెద్దదే. పంచతంత్రం ఆరో శతాబ్దంలో పర్షియా చేరి పహ్లవీ భాషలోకి మారింది. ఎనిమిదో శతాబ్దంలో అరబ్బీలో 'కలీలా వ దిమ్నా' అయింది. పదమూడో శతాబ్దంలో లాటిన్ లోకి వచ్చింది. దారిలో ముంగిస పోయి కుక్క వచ్చింది. ముంగిస లేని దేశాల్లో మరి ఇంటికి కాపలా ఎవరు? ఫ్రాన్సులో లియాన్ పరిసరాల్లో అయితే, ఇలాగే చనిపోయిన గిన్‌ఫోర్ అనే కుక్కను పల్లెజనం పిల్లల జబ్బులు నయం చేసే పుణ్యాత్ముడని కొలిచారు. పదమూడో శతాబ్దంలో స్టీఫెన్ ఆఫ్ బర్బన్ అనే మత విచారణాధికారి దాని ఎముకలు తవ్వించి కాల్పించాడు. కొలుపు మాత్రం ఆ తరువాత కూడా చాలాకాలం ఆగలేదు.

మరి బెద్‌గెలెర్ట్ సమాధి? ఊరి పేరు కెలెర్ట్ అనే పూర్వకాలపు సాధువు నుంచి వచ్చి ఉంటుందని పండితుల మాట. పద్దెనిమిదో శతాబ్దం చివర ఇక్కడి గోట్ హోటల్ నడిపిన డేవిడ్ ప్రిచర్డ్, దేశంలో తిరుగుతున్న కథను ఊరి పేరుకు తగిలించి, యాత్రికులు వస్తారని రాళ్ళు నిలబెట్టించాడని చెబుతారు. యాత్రికులు వచ్చారు. కవి విలియం రాబర్ట్ స్పెన్సర్ 1800లో దానిమీద గేయకథ రాశాడు. ఇప్పుడు మేమూ వచ్చాం.

ఇది పిల్లలకు చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చెప్పేశాం. మా అబ్బాయి ముఖం ముడుచుకున్నాడు. "అంటే ఇక్కడ కుక్క లేదా?" అన్నాడు. "కుక్క లేకపోతేనేం, తొందరపాటు ఉందిగా. అది నిజమేగా" అన్నారు మా అమ్మగారు. కాని వాడికి నిజమైన కుక్క కావాలి. పైగా గెలెర్ట్ అని పిలిచినప్పుడల్లా దాన్ని పొడిచిన కత్తి గుర్తొస్తుంది, వద్దన్నాడు.

అప్పుడు మాకు ఆతకూరు రాయి గుర్తుకొచ్చింది. కొన్నేళ్ళ క్రితం బెంగుళూరు మ్యూజియంలో చూశాం. మైసూరు దేశంలో, నేటి మండ్య జిల్లా ఆతకూరులో వేసిన శాసనం. శక సంవత్సరం 872, అంటే క్రీస్తుశకం 949-50. తక్కోలం యుద్ధంలో రాష్ట్రకూట మూడో కృష్ణుడి పక్షాన గంగరాజు బూతుగుడు చోళ యువరాజు రాజాదిత్యుణ్ణి చంపాడు. ఆ యుద్ధంలో పరాక్రమం చూపిన మణలేరుడనే వీరుణ్ణి బూతుగుడు "ఏం కావాలో కోరుకో" అన్నాడు. ఊళ్ళు, బంగారం అడగవలసిన చోట అతడు రాజుగారి వేటకుక్కను అడిగాడు. దాని పేరు కాళి. ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో పోరాడింది. రెండూ చచ్చాయి. దాని గుర్తుగా గుడి ముందు రాయి నిలబెట్టి, భూమి ఇచ్చారు. రాయి మీద కుక్కా పందీ కలబడుతున్న బొమ్మ ఇప్పటికీ చూడవచ్చు. హోటలువారి కల్పన కాదు. పేరు, తేదీ, యజమాని, అన్నీ రాతి మీద ఉన్నాయి.

"నల్లగా కూడా ఉంది!" అని అబ్బాయి గంతేశాడు. మా అమ్మగారు మాత్రం గంభీరంగా ఉన్నారు. "అమ్మవారి పేరు. రేపు చెప్పులు కొరికితే కాళీ, ఛీ పో అంటారా?" అన్నారు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

మేము ఎదురుచూసింది అమ్మాయి అభ్యంతరం. 'ళ' ఇంగ్లీషువారికి రాదు కదా. అది ఊరిలోకి నడుస్తూ దారి పలకలు చూస్తోంది. అక్కడ పైన వెల్ష్, దాని కింద ఇంగ్లీషు. తినుబండారాల కొట్టులో అమ్మే ఆవిడ పక్కావిడతో వెల్ష్‌లోనే మాట్లాడింది. లువెలిన్ పేరు మొదటి అక్షరం ఎలా పలకాలని మా అమ్మాయి ఆవిడను అడిగింది. నాలుక పైకి పెట్టి పక్కలనుంచి గాలి వదలాలని ఆవిడ మూడుసార్లు ఓపికగా చెప్పింది. మా అమ్మాయికి మూడోసారి వచ్చింది. మాకు ఇప్పటికీ రాలేదు. ఈ వ్యాసంలో 'లు' అని రాయడం గత్యంతరం లేకనే.

తిరుగు దారిలో కారు వెనక సీటులోంచి అది అంది: "వాళ్ళు ఎవరికోసమూ స్పెల్లింగు మార్చుకోలేదు. కాళి అనే పెడదాం. రానివాళ్ళకి నేను నేర్పుతాను." కొంచెం ఆగి, "సోమవారంనుంచి నా పేరు కూడా పూర్తిగా చెబుతాను" అంది. కారులో ఎవరమూ మాట్లాడలేదు.

మా అమ్మగారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. కాలభైరవుడి వాహనం కుక్కే కనుక అమ్మవారికి కోపం రాదట. అయితే ఆ పేరుతో ఎవరూ తిట్టరాదు. తిట్టాలంటే "ఏయ్" అనాలి. రెండు వారాలుగా ఈ నియమం పాటిస్తున్నాం. కుక్క తన పేరు ఏయ్ అనుకుంటుందేమోనని కొంచెం భయంగా ఉంది.

వెళ్ళదలచిన సభ్యులకు: కారు లేనివారు కెర్నార్వన్ నుంచి గాని పోర్త్‌మడోగ్ నుంచి గాని చిన్న పట్టాల రైలులో బెద్‌గెలెర్ట్ చేరవచ్చు. 2011లో ఆ దారి పూర్తిగా తెరిచారు. ఆవిరి ఇంజను, కొండ మలుపులు పిల్లలకు పండగ. సమాధి చుట్టూ గొర్రెలు మేస్తాయి కనుక కుక్కను తాడు విడవకండి. పిల్లలకు ముంగిస కథ ముందే చెప్పి తీసుకువెళ్ళండి.