45585 నంబరు హైదరాబాదు

ఇంగ్లండులో కొందరు పెద్దమనుషులకు ఒక చిత్రమైన వ్యసనం వుంది. వేలకు వేలు పోసి బొమ్మ రైలింజను కొంటారు. ఇంటికి తెచ్చి, అట్టపెట్టె విప్పి, కంపెనీవాడు దాని మీద ముచ్చటగా ముద్రించిన పేరూ నంబరూ చెరిపేస్తారు. చెరిపేసి వేరే పేరు పెట్టుకుంటారు. ఎందుకయ్యా అంటే, కంపెనీవాడు ఒక తరగతి ఇంజన్లలో ఏ నాలుగైదింటి పేర్లతోనో బొమ్మలు చేస్తాడు. తమ వూరి మీదుగా చిన్నప్పుడు పోయిన ఇంజను వాటిలో వుండదు. ఆ లోటు తీర్చుకోవడానికే యీ బారసాల.

డిగ్రీ కాలేజీలో ప్రబంధాలు చెప్పుకునే నాకు యీ జాడ్యం ఎలా అంటిందంటారేమో. మాంచెస్టరులో వుంటున్న మా బావగారి వల్ల. రెండేళ్ల కిందట వచ్చినప్పుడు మాటల మధ్య, "మీ హైదరాబాదు పేరుతో మా దగ్గర ఒక ఇంజను వుండేది, తెలుసా?" అన్నాడు. ఆయన వెళ్లి ఇరవై ఏళ్లయింది గనక "మా దగ్గర" అనే హక్కు వచ్చిందనే అనుకోవాలి.

నిజమే, వుండేది. లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ రైల్వేవారు 1934–36 మధ్య ఒకే తరహా ఇంజన్లు 191 కట్టించారు. రూపశిల్పి విలియం స్టేనియర్. 1935లో ఐదో జార్జి రాజ్యానికి వచ్చిన రజతోత్సవం జరగడంతో వాటికి జూబిలీ తరగతి అని పేరొచ్చింది. మొదట వట్టి నంబర్లతో తిరిగిన బళ్లకు తర్వాత వరసగా పేర్లు తగిలించారు. సామ్రాజ్యంలోని దేశాలు, రాష్ట్రాలు, సంస్థానాలు. అవి చాలక నౌకాధిపతులు, యుద్ధనౌకలు. 5574 ఇండియా, 5575 మద్రాసు, 5576 బొంబాయి. అలా వాయవ్య సరిహద్దు రాష్ట్రం దాకా నడిచి, 5585 హైదరాబాదు, 5586 మైసూరు, 5587 బరోడా, 5588 కాశ్మీరు. గ్లాస్గోలో నార్త్ బ్రిటిష్ కంపెనీవారి కార్ఖానాలో పుట్టిన యీ హైదరాబాదు మూసీ నీళ్లు ఒక్క చుక్క తాగి ఎరగదు.

మరుసటి ఏడు బావగారు రెండు వస్తువులు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒకటి, ఎవరో నౌకాధిపతి పేరు మోస్తున్న ఆకుపచ్చని జూబిలీ బొమ్మ. అడుగుకు నాలుగు మిల్లీమీటర్ల లెక్కన చేసింది. బొగ్గూ నీళ్లూ మోసే టెండరుతో కలిపి జానెడు కంటె కాస్త పొడుగు. రెండోది, చిన్న ప్లాస్టిక్ సంచీలో రెండు ఇత్తడి పలకలు. ఆమ్లంతో తొలిచి ఇంగ్లీషు అక్షరాలు పైకి తేల్చినవి. పెద్ద చక్రం మీది కప్పుకు ఆనేటట్టు విల్లులా వంగి వున్నాయి. వాటి మీద వున్న పేరు హైదరాబాదు.

పని చెప్తే తేలిక, చేస్తే తెలుస్తుంది. అగ్గిపుల్ల కొసకు దూది చుట్టి, రంగు పలచన చేసే ద్రావకంలో ముంచి, పిండేసి, పాత అంకె మీద మాత్రమే మెల్లగా రుద్దాలి. తొందరపడితే కిందనున్న ఆకుపచ్చ రంగూ దానితోనే లేచొస్తుంది. కొత్త అంకెలు పలచని పొర మీద అచ్చేసి వస్తాయి. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి జార్చాలి. ఒక్కొక్క అంకె నువ్వుగింజ కంటె పెద్దది కాదు. ఆ సమయంలో ఇంట్లో ఫ్యాను వెయ్యకూడదు, ఎవరూ తుమ్మకూడదు. డ్రైవరు నిలబడే క్యాబు రెండు పక్కలా అయిదేసి అంకెలు, ముందరి పొగపెట్టె తలుపు మీద చిన్న నంబరు పలక. ఇవి అతికాకే పేరు.

పేరొక్కటి మారిస్తే సరిపోతుందనుకుంటే తప్పు. ఒకే తరగతి అన్న మాటే గాని జూబిలీలన్నీ ఒక్కలా లేవు. కొన్నింటికి 3500 గ్యాలన్ల సన్న టెండరు, కొన్నింటికి 4000 గ్యాలన్ల వెడల్పు టెండరు. మరమ్మతుకు వెళ్లినప్పుడు ఒకదాని బాయిలరు ఇంకొకదానికి పోయేది. బహామాస్ అనే ఇంజనుకు 1961లో జంట పొగగొట్టం పెట్టారు; దాని బొమ్మ కొన్నవాడు గొట్టం కూడా మార్చుకోవాలి. కాబట్టి ఏ పేరు పెడుతున్నామో, దానితో పాటు ఏ సంవత్సరమో కూడా తేల్చుకోవాలి. మా పరిభాషలో చెప్పాలంటే పాఠనిర్ణయం.

ఇక్కడే మా బాపుతో పేచీ వచ్చింది.

ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. పత్రిక చదివే భూతద్దంతో ఆ ఇత్తడి పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం పేరు రా ఇది?"

"మన హైదరాబాదే బాపూ."

"పక్కన ఏమేమున్నయంటివి?"

మైసూరు, బరోడా, కాశ్మీరు అని చెప్పాను.

"అంటే పట్నం పేరు గాదు. సర్కారు పేరు. మా నాయన ఓరుగల్లు జైల్ల కూసున్నది ఆ సర్కారు కిందనే. దాన్ని నువ్వు ఇత్తడిల పోసి నా ఇంట్ల పెడ్తవా?"

నేను మాట్లాడలేదు. 1947లో ఇండియన్ యూనియన్‌లో కలవాలన్న ఉద్యమంలో తాతను పట్టుకుపోయేనాటికి బాపు నెలల బిడ్డ. ఆయన అన్నది అక్షరాలా నిజం కూడా. పదానికి అర్థం సందర్భాన్ని బట్టి తెలుస్తుందని క్లాసులో రోజూ చెప్పేవాణ్ణి నేనే. సంస్థానాల వరసలో మొదటిది హైదరాబాదు. అది చార్మినారు వున్న వూరు కాదు, నిజాంగారి రాజ్యం.

కాలేజీలో ఒక మిత్రుడు సులువైన దారి చూపించాడు: "రుద్రమ అని పెట్టెయ్యండి మాస్టారూ." అలా పెట్టేవాళ్లూ వున్నారు, తమ సొంత రైల్వేను వూహించుకుని, సొంత పేర్లు చెక్కించుకుంటారు. వాళ్లను నేను తప్పు పట్టను. కాని నాకు మనసొప్పలేదు. రుద్రమ అనే జూబిలీ ఏ పట్టా మీదా నడవలేదు.

అలాగని అసలు రైల్వేలవాళ్లు సత్యసంధులని కాదు. 1935లో సిల్వర్ జూబిలీ అని చూపించిన 5552 నిన్నటిదాకా 5642. నంబర్లు మార్చేసుకుని మళ్లీ తిరిగి ఇచ్చుకోలేదు. 1952లో ఆరో జార్జి అంతిమయాత్ర రైలును విండ్సర్ కాసిల్ అనే ఇంజను లాగిందన్నారు. అసలు విండ్సర్ కాసిల్ మరమ్మతులో వుంటే, బ్రిస్టల్ కాసిల్‌కు ఆ పేరూ నంబరూ తగిలించి పంపారు. రాజుగారి శవం ముందరే అంత పని చేశారు!

పేర్ల జాబితా మళ్లీ చూస్తుంటే ఒక సంగతి తట్టింది. ఐరిష్ ఫ్రీ స్టేట్ అనే జూబిలీకి, ఆ దేశం పేరు మార్చుకోగానే, 1938లో ఐరె అని పేరు మార్చారు. మన పేర్ల జోలికి మాత్రం పోలేదు. ఒరిస్సా 1936లోనే విడిపోయినా ఇంజను 'బీహార్ అండ్ ఒరిస్సా' గానే వుంది. యునైటెడ్ ప్రావిన్సెస్ 1950లో ఉత్తరప్రదేశ్ అయినా అంతే. అడిగేవాడు లేక కాబోలు.

హైదరాబాదు సంగతి ఇంకా విచిత్రం. 1948 జనవరి 1న అక్కడి రైల్వేలు జాతీయమయ్యాయి. పాత నంబర్లకు 40,000 కలిపితే 5585 కాస్తా 45585 అయింది. ఆ సెప్టెంబరులోనే ఇక్కడ నిజాం రాజ్యం యూనియన్‌లో కలిసింది. 1956లో బ్రిటిష్ రైల్వేవారు టెండరు మీది చిహ్నం మార్చారు. అంతకుముందు చక్రం మీద ఎక్కిన సింహం వుండేది; సైకిలు తొక్కే సింహమని అక్కడివాళ్లే నవ్వుకునేవాళ్లు. కొత్తదానిలో సింహం చక్రాన్ని ముందరి కాళ్లతో పట్టుకుని వుంటుంది. ఆ ఏడే నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలై మూడు రాష్ట్రాల్లో కలిసిపోయింది.

నా బొమ్మ మీద వున్నది సైకిలు సింహం. దాన్ని రెండు సాయంత్రాలు కూర్చుని తుడిచేసి కొత్త సింహాన్ని జార్చాను. ఆ తర్వాతనే పేరుపలకలు అతికించాను. పిన్నీసు మొనతో పెట్టిన జిగురు, ఆవగింజలో సగం.

బాపు ముందు పెట్టి సంవత్సరాల లెక్క చెప్పాను. ఆయన భూతద్దం తెచ్చుకుని, పేరు చూడకుండా ముందు టెండరు చూశాడు.

"అయితే ఇది యాభై ఆరు దాటినంక సంగతి."

"అవును బాపూ. మరో ఏడెనిమిదేళ్లు ఇలాగే తిరిగివుంటుంది."

"రాజ్యం పోయినా పేరు తియ్యలేదా?"

"తియ్యలేదు."

"రిటైరై గేటుకు బోర్డు తియ్యనోని లెక్క వున్నది," అని నవ్వాడు. తర్వాత షరతు పెట్టాడు. అలమరలో పెట్టుకో, కాని టెండరు కనబడేటట్టు పెట్టు, ముందు పుస్తకాలు అడ్డం పెట్టకు.

అసలు 45585 ఇప్పుడు లేదు, 1960ల్లోనే తుక్కయింది. 191లో నాలుగే మిగిలాయి. వాటిలో మన పేరున్నది కొల్హాపూర్ ఒక్కటే. ప్రస్తుతం నేను 45581 'బీహార్ అండ్ ఒరిస్సా' మీద పడ్డాను. అక్షరాలు ఎక్కువ, పలక పొడుగు. చక్రం కప్పు మీద కుదురుగా కూర్చోనంటున్నది.