సంధి కుదిరిన సైకిలు

పాత సైకిలు ఇంట్లో ఉండడమంటే పాత చుట్టం ఇంట్లో ఉండడమే. పొమ్మనలేము, ఉండమందామంటే చోటు చాలదు. అందులోనూ అది తాతగారు కొని, నాన్నగారు తొక్కి, మనదాకా వచ్చిన సైకిలయితే చిక్కు మరీ ఎక్కువ. అమ్మితే కృతఘ్నుడంటారు. అమ్మకుండా ఉంచితే, ఆవకాయ జాడీలకు చోటేదని ఇంట్లో సణుగుడు.

మా సైకిలు 1951లో తాతగారు తెనాలిలో కొన్న ర్యాలీ. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నుంచి ఓడెక్కి వచ్చిన సరుకు. ముందుగొట్టం మీద కొంగ తల ముద్ర. చెయిను చక్రంలో మరి మూడు కొంగలు. నాన్నగారు దాని మీదనే కాలవగట్టు వెంట ఆరు మైళ్ళ దూరంలోని బడికి ముప్ఫై ఏళ్ళు వెళ్ళి వచ్చారు. ఆయన పోయాక రెండేళ్ళపాటు అది మెట్ల కింద గోడకు చేరబడి ఉండిపోయింది.

దాని భవిష్యత్తును గురించి మా యింట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. హైదరాబాదులో ఉన్న మా అన్నయ్యది ఒక పక్షం. "ఒరేయ్, దాన్ని ముట్టుకోకు. ఉన్నదున్నట్టు తుడిచి మా హాల్లో గోడకు తగిలిస్తాను. అచ్చమైన ఇంగ్లీషు సరుకది. ఒక్క మర మార్చినా అది మన తాతగారి సైకిలు కాదు" అన్నాడు. కాలేజీలో కొత్తగా చేరిన మా అమ్మాయిది రెండో పక్షం. "ఈ సైకిలే తొక్కుతాను. కాని వంతెన ఎక్కాలంటే గేర్లు కావాలి, వానలో బ్రేకు పడాలి" అంది. మా అమ్మ ఏ పక్షమూ చెప్పలేదు.

అమ్మాయి కోరిక న్యాయమైనదే. పాత సైకిళ్ళకు బ్రేకు కడ్డీలతో పనిచేస్తుంది. రబ్బరు ముక్క ఉక్కు రిమ్ముకు లోపలివైపు ఒత్తుకుంటుంది. ఎండలో ఫరవాలేదు గాని, తడిసిన ఉక్కు మీద రబ్బరు జారుతుంది. సైకిలు మన మాట కాక తన మాట వింటుంది. ఆడపిల్లను అటువంటి బ్రేకుకు అప్పగించి, గోడకు అలంకారం పోతుందని ఊరుకోవడం నాకు మనస్కరించలేదు. మా వీధి చివర దుకాణం సాయిబుగారిని పిలిచి, సైకిలును విప్పించాను.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నాకు తెలిసిన సంధులు వ్యాకరణంలోవి. ఉకారసంధి నిత్యం, ఇకారసంధి వైకల్పికం అని ఇరవై ఏళ్ళుగా పిల్లలచేత వల్లె వేయిస్తున్నాను. సైకిలుకు కూడా ఇవన్నీ ఉన్నాయని సాయిబుగారి పక్కన పీట వేసుకు కూర్చున్న నాలుగు ఆదివారాల్లో తెలిసింది.

మొదటిది నిత్యం. చెయినులో ఒక మేకు నుంచి ఇంకో మేకుకు అర అంగుళం దూరం. ఇంగ్లండు చక్రమైనా లూధియానా చెయినయినా ఆ కొలత ఒకటే గనుక, ఒకదాని మీద ఒకటి నిక్షేపంగా తిరుగుతాయి. పెడళ్ళ సంగతీ దాదాపు అంతే. ఎడమ పెడలు మర మాత్రం ఎడమవైపుకు బిగుస్తుందని గుర్తుంటే చాలు.

రెండోది వైకల్పికం, బతిమాలితే కుదురుతుంది. గేర్ల కోసం స్టర్మీ ఆర్చర్ మూడు గేర్ల హబ్బు తెప్పించాను. ఇదీ 1902లో నాటింగ్‌హామ్‌లోనే పుట్టిన సరుకు. 2000లో ఆ వ్యాపారం తైవాను వారి చేతికి పోయింది. హబ్బు లోపల నడుమ ఒక పళ్ళచక్రం కదలకుండా ఉంటే, దాని చుట్టూ చిన్న చక్రాలు సూర్యుని చుట్టూ గ్రహాల్లాగా తిరుగుతాయి. మీట ఒక మెట్టు మారిస్తే వెనక చక్రం మామూలుకన్న మూడోవంతు ఎక్కువ తిరుగుతుంది. ఇంకో మెట్టుకు నాలుగోవంతు తక్కువ. వంతెన ఎక్కడానికి ఈ తక్కువే కావాలి. అయితే ఆ హబ్బు ఇరుసు మా చట్రంలోని సందుకన్న కొద్ది మిల్లీమీటర్లు వెడల్పు. సాయిబుగారు వెనక ఫోర్కును రెండు పక్కలా సమానంగా, కొలిచి కొలిచి విడదీశారు. ఉక్కు గనుక ఒప్పుకుంది. అల్యూమినియం చట్రానికి ఆ పని చెయ్యకూడదట.

బ్రేకు కోసం చక్రాలు కూడా మార్చవలసి వచ్చింది. పాత వెనక రిమ్ముకు నలభై పుల్లలు, కొత్త హబ్బుకు ముప్ఫయ్యారు. అంచేత ముప్ఫయ్యారు పుల్లల అల్యూమినియం రిమ్ము వేశాము. పాతది 635 మిల్లీమీటర్లు, కొత్తది 622. చక్రం చుట్టూ ఆరున్నర మిల్లీమీటర్లు లోపలికి తగ్గింది గనుక, బ్రేకు చేతులు ఆ మేరకు పొడుగువి వెతికాము.

మూడోది నిషేధం. పెడళ్ళ ఇరుసు తిరిగే బ్రాకెట్టుకు కొత్త కప్పులు వేద్దామని సాయిబుగారు బజారు నుంచి తెచ్చారు. చూపుకు పాతవీ కొత్తవీ కవలపిల్లలు. ఒక చుట్టు తిరిగిందో లేదో ఆయన చెయ్యి ఆగిపోయింది. "మేష్టారూ, ఇది ఎక్కదు. బలవంతాన ఎక్కిస్తే గూడే చెడుతుంది" అన్నారు. తక్కిన కంపెనీల కప్పులకు అంగుళానికి 24 మరలుంటే, ర్యాలీవారు తమకని ప్రత్యేకంగా 26 పెట్టుకున్నారు. అంగుళంలో రెండు మరల తేడా! కూడని రెండు మాటలను అతికిస్తే వ్యాకరణంలో వైరిసమాసమంటాము. అది చదివేవాడి చెవికి మాత్రమే నొప్పి. ఇక్కడ ఉక్కు తెగుతుంది. చివరకు పాత కప్పులనే కిరోసిన్‌తో కడిగి, పక్కకు పదకొండేసి కొత్త బాల్సు పోసి బిగించాము. ఆ నిషేధం పుణ్యమా అని పాత ఇరుసూ, కాటర్ పిన్నులూ, చెయిను చక్రంలోని మూడు కొంగలూ ఉన్నచోటనే ఉండిపోయాయి.

అసలు విశేషం ఇంకొకటి ఉంది. విప్పిన సామానులో అన్నయ్య చెప్పిన అచ్చమైన ఇంగ్లీషు సరుకు సగం కూడా లేదు. వెనక రిమ్ము లూధియానాది. పెడళ్ళు మద్రాసు హెర్క్యులిస్‌వి. హేండిలు ఎక్కడిదో ముద్రే లేదు. అమ్మ గుమ్మంలో కూర్చుని ఒక్కొక్కటే చూసి చెప్పింది. "దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు, 1977లో, చెట్టుకొమ్మ విరిగిపడి చక్రం వంకర పోయింది. అప్పుడు వేయించారు ఈ రిమ్ము. ఈ పెడళ్ళు నీ ఇంటరు ఫీజు కట్టగా మిగిలిన డబ్బుతో కొన్నారు. అంతవరకూ రబ్బరు ఊడిన పెడళ్ళతోనే తొక్కారు నాయనా."

ఆ మాట విన్న తరువాత నాకు అనుమానం మిగలలేదు. నాన్నగారు ఈ సైకిలును దాచుకోలేదు, నడుపుకున్నారు. అవసరం వచ్చినప్పుడల్లా అందిన వస్తువు తెచ్చి, పాతదానితో పొత్తు కుదిర్చారు. మన భాష మాత్రం ఏంచేసింది? సంస్కృతంనుంచి పుస్తకం, అరబ్బీనుంచి కుర్చీ, పోర్చుగీసునుంచి అలమార తెచ్చుకుని, తెలుగు విభక్తి తగిలించి వాడుకోవడం లేదూ? వస్తువు ఎక్కడిదని కాదు, అతుకు దగ్గర కుదిరిందా అని చూడాలి. కుదరనిచోట పాతదాన్ని చెడగొట్టకుండా చెయ్యి ఆపగలగాలి.

సంక్రాంతికి అన్నయ్య వచ్చాడు. నల్లరంగు అక్కడక్కడ పెచ్చులూడి అలాగే ఉంది. రంగు నేను వేయించలేదు. చుట్టూ తిరిగి చూసి, "మరి ఇది ఇంకా తాతగారి సైకిలేనంటావా?" అన్నాడు. నేను మరల లెక్క ఎత్తుకోబోతుండగా అమ్మ అందుకుంది: "మీ నాన్న వాడినన్నాళ్ళూ ఏ సైకిలయితే, ఇదీ అదే."

అన్నయ్య మాట్లాడలేదు. తిరిగి వెళ్ళేరోజున తీసేసిన బ్రేకు కడ్డీలను నూనెగుడ్డతో తుడిచి, వార్తాపత్రికలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. అవి ఇప్పుడు వాళ్ళ హాల్లో గోడకు వేలాడుతున్నాయి. చూసినవాళ్ళు అవేమిటని అడిగితే వంశచరిత్ర చెబుతున్నాడట. ఇక్కడ మా అమ్మాయికి అంత తీరిక లేదు. రోజూ తొమ్మిదింటికి మూడు కొంగలనూ తిప్పుకుంటూ వంతెన ఎక్కేస్తోంది.