కొలతకు నిలబడినోళ్లం

మా మాలపేటలో డిగ్రీ దాటిన మొదటివాణ్ణి నేను. 2010లో విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ పీజీలో చేరితే మా అమ్మ అడిగింది: "ఏటి సదువురా అది? దానికి ఏ ఉజ్జోగమొస్తాది?"

ఆ చదువుకి మనం కొత్త కాదు. థర్‌స్టన్ దొర 1909లో దక్షిణాది కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. తలలు, ముక్కులు కొలిచి లెక్కలు రాశాడు. కొలిచింది మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు, సర్కారు జీతగాడు. కొలతకు నిలబడింది మన తాతలు. 1916లో కొలంబియాలో అంబేద్కర్ కులం పుట్టుక మీద పేపరు చదివింది కూడా ఆంత్రోపాలజీ సెమినార్లోనే. మనల్ని కొలిచిన శాస్త్రంతో కులాన్నే కొలిచాడాయన. అదే నన్ను లాగింది.

2012లో పాసయ్యాక దారులు కనపడ్డాయి. ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పోస్టులు తక్కువ, పోటీ దేశమంతా. జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీ చెయ్యొచ్చు. ఆ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000. తర్వాత లెక్చరర్ పోస్టు కోసం ఏళ్లు ఎదురు చూడాలి. సివిల్స్‌కి ఆప్షనల్‌గా తీసుకుంటే ఢిల్లీ గది అద్దె, కోచింగ్ ఫీజు ఇంటినుంచే రావాలి. మిగిలింది సర్వే పని. నాకు దొరికింది అదే. నెలకు 8,000, ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. ఏజెన్సీ గూడేల్లో ఇంటింటికీ నడిచి ఫారాలు నింపింది నేను. రిపోర్టు మీద పేరు ఆఫీసులో కూర్చున్నాయనది.

నాతో చదివిన పై కులపు మిత్రుడు నాలుగేళ్లు ఢిల్లీలో ఉండి రాశాడు. వాళ్లకి పొలం ఉంది. మా అయ్య పాలేరు. డిగ్రీ ఇద్దరిదీ ఒకటే. అది జీతంగా మారేదాకా ఎవరు కూడు పెడతారన్నదే తేడా.

నేను బి.ఎడ్. చేసి 2014 డీఎస్సీలో సోషల్ మాస్టరునయ్యాను. ఆంధ్రప్రదేశ్‌లో 2022 పీఆర్సీతో స్కూల్ అసిస్టెంటు మూలవేతనం 44,570 దగ్గర మొదలవుతోంది. మా ఇంటికి స్లాబు పడింది ఆ జీతంతోనే. ఆ జీతం తెచ్చింది బి.ఎడ్., ఆంత్రోపాలజీ కాదు. అయితే పేట ఊరికి ఎడంగా ఎందుకుందో బోర్డు మీద ఊరి బొమ్మ గీసి పిల్లలకి చెప్పే ధైర్యం మాత్రం ఆంత్రోపాలజీ ఇచ్చిందే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ చదువు వద్దని నేననను. చేరండి. కూడు పెట్టే చదువు ఇంకొకటి చేతిలో ఉంచుకోండి. మన పేటల మీద, గూడేల మీద ప్రాజెక్టు వస్తే ఫారాలు నింపే కూలి ఒక్కటే తీసుకుని రావద్దు. రిపోర్టు రాసే కుర్చీ అడగండి, దాని జీతమూ అడగండి. కొలతకు నిలబడింది చాలు.