నల్ల గిటారు, కృతజ్ఞతార్పణ



2004 జూన్ 24వ తేదీన అమెరికాలోని న్యూయార్క్ నగరంలో క్రిస్టీస్ అనే వేలం సంస్థవారు ఒక పాత ఎలక్ట్రిక్ గిటారును వేలానికి పెట్టారు. నల్లరంగు గిటారు. అక్కడక్కడ రంగు లేచిపోయింది. వేళ్ళు ఆడించే మెడ భాగం ఏళ్ళ తరబడి వాడకంతో అరిగిపోయింది. అయినా అది 9,59,500 డాలర్లకు పోయింది. ఆనాటి మారకం ప్రకారం మన లెక్కలో నాలుగు కోట్ల రూపాయల పైమాటే. అప్పటివరకు వేలంలో ఏ గిటారుకూ అంత ధర రాలేదట. ఆ సొమ్ము అమ్మినవాని ఇంటికి చేరలేదు. తాగుడుకు, మత్తుమందులకు బానిసలైనవారిని బాగుచేసే ఒక చికిత్సాలయానికి చేరింది.

నేను మా సంఘంలో ఆదివారం ఆరాధనకు గిటారు వాయిస్తాను. చేతిలోని వాద్యం మీద వాయించేవానికి ఎంత మమకారం ఉంటుందో నాకు కొంత తెలుసు. ఎవరైనా ముట్టుకుంటేనే మనసు చివుక్కుమంటుంది. అందుచేత ఈ సంగతి నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. ఆ ఆలోచనలను మీతో పంచుకోవాలని రాస్తున్నాను.

ఎలక్ట్రిక్ గిటారు చూడని మన పల్లెవాసుల కొరకు ఒక మాట. మామూలు గిటారుకు బోలు పెట్టె ఉంటుంది, శబ్దం అందులో మార్మోగుతుంది. దీనికి అలాంటి పెట్టె అక్కరలేదు. గట్టి చెక్క పలకే చాలు. ఉక్కు తీగల కింద అయస్కాంతం ఉంటుంది. దాని చుట్టూ సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. ఉక్కు తీగ కంపించినప్పుడు రాగి తీగలో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. దాన్ని యాంప్లిఫయరు పెద్దది చేసి వినిపిస్తుంది. కాలిఫోర్నియాలో ఫెండర్ కంపెనీవారు 1954లో స్ట్రాటోకాస్టర్ అనే రకాన్ని తెచ్చారు. ఆ తొలినాళ్ళ గిటార్లంటే వాయిద్యకారులకు నేటికీ ప్రాణం.

మన నల్ల గిటారు ఆ జాతిదే. ఎరిక్ క్లాప్టన్ అనే ఇంగ్లాండు సంగీతకారుడు 1970లో అమెరికాలోని నాష్‌విల్ పట్టణంలో ఒక దుకాణంలో పాత స్ట్రాటోకాస్టర్లు కొన్ని కొన్నాడు. అప్పట్లో వాటిని అడిగేవారు తక్కువ, చవకగా వచ్చాయి. మూడింటిని ముగ్గురు స్నేహితులకు కానుకగా ఇచ్చాడు. తనకు మిగిలిన మూడింటిలోనుంచి మంచి భాగాలను ఏరి ఒక్క గిటారుగా కూర్పించుకున్నాడు. రంగునుబట్టి దానికి ‘బ్లాకీ’ అని పేరు పెట్టాడు. 1973 నుండి 1985 వరకు వేదికమీద అతని చేతిలో ఎక్కువగా కనిపించింది అదే.

ఆ పన్నెండేళ్ళు ఎటువంటివో ఎరిగితే తప్ప ఈ కథ అర్థం కాదు. 1970ల మొదట్లో అతడు హెరాయిన్ అనే మత్తుమందుకు లోబడి ఇల్లు కదలకుండా కాలం గడిపాడు. దానినుండి బయటపడ్డాడు గాని సారాయి సీసా దగ్గర చిక్కుకున్నాడు. ఒక కచేరీ అంతా వేదికమీద వెల్లకిలా పడుకునే వాయించానని 2007లో వెలువడిన తన జీవితకథలో తానే రాసుకున్నాడు. కోట్లు సంపాదిస్తున్నాడు, లోకమంతా చప్పట్లు కొడుతోంది, లోపల మనిషి కుళ్ళిపోతున్నాడు. 1982లో చికిత్సకు వెళ్ళాడు. కొంతకాలం బాగుండి మళ్ళీ పడిపోయాడు. 1987లో రెండవసారి వెళ్ళాడు. చికిత్స ముగిసే రోజులు దగ్గరపడ్డాయి, మార్పేమీ లేదని భయపడ్డాడు. అప్పుడు తన గదిలో ఒంటరిగా మోకాళ్ళూని సహాయం కొరకు వేడుకున్నాడట. ఎవరితో మాట్లాడుతున్నాడో అప్పటికి అతనికే తెలియదు. అయినా ఆ మొర ఆలకించబడింది. అప్పటినుండి ఉదయం, రాత్రి మోకరించి ప్రార్థించడం మానలేదని రాశాడు.

పరీక్ష అంతటితో ఆగలేదు. 1991 మార్చి 20న అతని నాలుగేళ్ళ కుమారుడు న్యూయార్క్‌లో 53వ అంతస్తు కిటికీలోనుండి పడి చనిపోయాడు. తాగుడు మాని అప్పటికి నాలుగేళ్ళయినా నిండలేదు. తాగడానికి అంతకన్న పెద్ద సాకు ఏ మనిషికి దొరుకుతుంది? అతడు తాగలేదు.

1998లో అతడు వెస్టిండీస్ దీవులలో ఒకటైన ఆంటిగ్వాలో క్రాస్‌రోడ్స్ సెంటర్ అనే చికిత్సాలయాన్ని స్థాపించాడు. క్రికెట్ ఆటగాడు వివియన్ రిచర్డ్స్ పుట్టిన దీవి అదే. ఆ కేంద్రానికి నిధి సమకూర్చడానికి 1999 జూన్ 24న తన గిటార్లు నూరింటిని అమ్మేశాడు. వాటిలో 1956లో తయారైన ‘బ్రౌనీ’ అనే గిటారుకు 4,97,500 డాలర్లు వచ్చాయి. మొత్తం 50 లక్షల డాలర్లు దాటింది. నల్ల గిటారును మాత్రం అప్పుడు అమ్మలేదు. మనసు రాలేదేమో! సరిగ్గా అయిదేళ్ళకు, 2004లో, అదీ వేలానికి వచ్చింది. ఆ వేలంలో మొత్తం 70 లక్షల డాలర్ల పైన సమకూడింది.

అరిగిపోయిన వస్తువుకు అంత ధర ఏమిటని కొందరు అడగవచ్చు. మన కోత పండుగ వేలం పాట ఎరిగినవారికి ఇది వింత కాదు. సంతలో యాభై రూపాయలు పలికే గుమ్మడికాయ గుడి ఆవరణలో అయిదు వందలకు పోతుంది. పాట పాడినవానికి గుమ్మడికాయ ధర తెలియక కాదు. దాన్ని మోసుకొచ్చిన ముసలమ్మ భక్తిలో తనకూ పాలు కావాలని పాడతాడు. న్యూయార్క్‌లో గిటారును కొన్నది సంగీత వాద్యాలు అమ్మే ఒక కంపెనీ. వారి వ్యాపారపు లెక్క వారికుండవచ్చు. మనకు కావలసింది ఇచ్చినవాని లెక్క.

ఇక్కడ నిజాయితీగా ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇది త్యాగమేనా? అతనికి ఇంకా గిటార్లున్నాయి, ఆస్తి ఉంది. నల్ల గిటారు పోయిన మరునాడు అతడు పస్తుండలేదు. ప్రభువు కానుకపెట్టె ఎదుట కూర్చుండి చూచినప్పుడు ధనవంతులు వేసినదానికన్న బీద విధవరాలు వేసిన రెండు కాసులనే ఎక్కువగా ఎంచాడు (మార్కు 12:41-44). ఎందుకంటే ఆయన చూచింది చేతిలో మిగిలినదాన్ని. ఆ కొలతతో చూస్తే నాలుగు కోట్ల గిటారు ఆ రెండు కాసులకు సాటిరాదు. మన సంఘంలో పూటపూటకు పిడికెడు బియ్యం తీసి కుండలో వేసే తల్లులు ఆ విషయంలో అతనికన్న ముందున్నారు. వారెవరూ తమ కానుక చిన్నదని దిగులు పడనక్కరలేదు.

అయితే సువార్తలో మరొక కొలత కూడా ఉంది. పదిమంది కుష్ఠరోగులు శుద్ధులైనప్పుడు తొమ్మిదిమంది తమ దారిన పోయారు. ఒక్కడు, అదీ సమరయుడు, తిరిగి వచ్చి ప్రభువు పాదాలయొద్ద సాగిలపడ్డాడు (లూకా 17:11-19). వాని చేతిలో కానుకేమీ లేదు. తిరిగి రావడమే వాని కానుక. నల్ల గిటారు అమ్మకాన్ని నేను ఈ వరుసలో చూస్తున్నాను. తాను ఏ గోతిలోనుండి లేవనెత్తబడ్డాడో ఆ గోతి దగ్గరికే మళ్ళీ వచ్చి, అందులో ఉన్నవారికి చేయి అందించాడు. తాగిన రోజుల్లో తన భుజాన వేలాడిన వాద్యమే ఇప్పుడు మరొకరు తాగుడు మానడానికి పనికివచ్చింది. దేవుడు మనలను ఆదరించింది మనమూ శ్రమలో ఉన్నవారిని ఆదరించగలుగుటకే అని అపొస్తలుడైన పౌలు చెప్పలేదా (2 కొరింథీ 1:3-4)?

ఇతరులూ ఇలా ఇచ్చారు. డేవిడ్ గిల్మోర్ అనే మరొక ఇంగ్లాండు వాయిద్యకారుడు 2019 జూన్ 20న తన గిటార్లను వేలం వేయగా రెండు కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. అతని నల్ల గిటారు ఒక్కటే 39,75,000 డాలర్లకు పోయింది. ఆ సొమ్మును భూమి వాతావరణాన్ని కాపాడే పనికి ఇచ్చాడు. అదీ మంచి కార్యమే. కాని క్లాప్టన్ కానుకలో నా హృదయాన్ని తాకింది డబ్బు మొత్తం కాదు, అది చేరిన చోటు. నేను అతణ్ణి ఆదర్శ విశ్వాసిగా నిలబెట్టడం లేదు. ఆ సమరయుని గురించి కూడా మనకు అంతకుమించి తెలియదు గదా.

ఇది దూరదేశపు కథ అని పక్కన పెట్టగలమా? తాగుడు మన గడపలు తొక్కని రోజుందా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాలమీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలిపోయింది. చట్టం వచ్చింది, పోయింది. తాగేవాడు ఇంటిలోనే ఉన్నాడు.

మా అక్క భర్త తాపీమేస్త్రి. మంచి పనివాడు, డోలక్ వాయిస్తే గుడి ఊగిపోయేది. పద్నాలుగేళ్ళు తాగాడు. అక్క చెవిదిద్దులు తాకట్టుకు పోయాయి, పిల్లల చదువు ఆగింది. 2009లో మా కాపరిగారు ఆయనను పట్టణంలో చికిత్సకు పంపుదామని సంఘ కమిటీలో ప్రతిపాదించారు. పెద్దలలో ఒకరు, “తన పాపంతో తాగినవానికి దేవుని సొమ్ము ఎందుకు ఖర్చు చేయాలి?” అన్నారు. వెనుక చాపమీద కూర్చున్న మా అక్క లేచి, “అయ్యా, తాగింది ఆయన, పస్తులున్నది పిల్లలు” అన్నది. ఇంక ఎవరూ మాట్లాడలేదు. ఆ సంవత్సరం కోత పండుగ వేలం సొమ్ములో కొంత బావగారి చికిత్సకు వెళ్ళింది.

దేవుని కృపవలన బావగారు నేటివరకు మళ్ళీ ముట్టలేదు. ఏటేటా తాను చికిత్సకు వెళ్ళిన తేదీన ఒక రోజు కూలిని కవరులో పెట్టి కాపరిగారికి ఇస్తారు. కవరుమీద తన పేరు రాయరు, “ఇంకొకరి కోసం” అని మాత్రం రాస్తారు. ఆ కవర్లకు సంఘం మరికొంత కలిపి ఇప్పటివరకు ముగ్గురిని పంపింది. ఇద్దరు నిలబడ్డారు. ఒకరు మళ్ళీ తాగుతున్నారు. అతని ఇంటికి బావగారు వారం వారం వెళ్ళి వస్తారు. క్లాప్టన్ కూడా మొదటిసారి నిలబడలేదు గదా!

ఇంటిలో ఈ బాధ ఉన్నవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, మతి చలించడం సంభవించవచ్చు. ప్రాణానికే ప్రమాదం రావచ్చు. కనుక ప్రార్థన చేయండి, వైద్యుని దగ్గరికీ తీసుకువెళ్ళండి. రెండూ దేవుడిచ్చినవే. కేంద్ర ప్రభుత్వపు 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా అడగవచ్చు. మానాలని కోరేవారు కలిసి కూర్చొని ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ కూటములు మన పట్టణాలలోనూ జరుగుతున్నాయి. అక్కడ రుసుము అడగరు.

సంఘ పెద్దలకు నా మనవి ఒక్కటే. కోత పండుగ సొమ్ముతో గోడలకు సున్నం వేద్దాం, మైకు సెట్టు కొందాం, తప్పు లేదు. దానితోపాటు ఒక చిన్న భాగాన్ని ఒక్క మనిషి బస్సు చార్జీకి, మందులకు, అతడు లేని నెలలో ఇంటివారి బియ్యానికి తీసి ఉంచుదాం. ఒకప్పుడు ఏదో ఒక బంధకంలోనుండి విడిపించబడిన ప్రతి కుటుంబం, తమ ఇంట ఆ దినాలను గుర్తుచేసే ఒక వస్తువునో ఒక రోజు కూలినో, “ఇంకొకరి కోసం” అని తేవచ్చు. వస్తువు పాతదైనా ఫరవాలేదు. పాడేవారు మన సంఘంలో ఉన్నారు.

స్వస్థత పొంది దారిన పోయిన తొమ్మిదిమందిలో కాక, తిరిగివచ్చిన ఆ ఒక్కనితో ప్రభువు మనలను కూడ లెక్కించును గాక. ఆమేన్.