గాబోర్ – కబురు మోసిన పేరు



ఈ వారం ఒక పేరును ధ్యానం చేద్దాం. ముందుగా బైబిలు తీసి దానియేలు గ్రంథం 9వ అధ్యాయం 20 నుండి 23 వచనాలు, లూకా సువార్త 1వ అధ్యాయం 5 నుండి 66 వచనాలు నెమ్మదిగా చదువుకోండి. చదివాక మళ్లీ ఇక్కడికి రండి.

ఆ పేరు గాబోర్. అది హంగేరీ దేశపు పేరు. మన గబ్రియేలే అక్కడ గాబోర్ అయ్యాడు. మన పల్లెల్లో కొందరు గాబ్రేలు అని పిలుచుకున్నట్టే, ప్రతి భాషా ఆ దేవదూత పేరును తన నోటికి అనువుగా తిప్పుకుంది. హెబ్రీలో దాని అర్థం "దేవుడు నా బలం" అని పండితులు చెబుతారు. హంగేరీలో నడివయసు మగవాళ్లలో ఎక్కడ చూసినా ఒక గాబోర్ కనిపిస్తాడు. ఇంట్లో ముద్దుగా గాబి అంటారు. అక్కడి క్యాలెండర్లలో ఏడాదిలో ప్రతి రోజుకూ కొన్ని పేర్లు రాసి ఉంటాయి. మన పేరు ఉన్న రోజున ఇరుగుపొరుగు వచ్చి శుభాకాంక్షలు చెబుతారు. గాబోర్‌ల రోజు మార్చి 24. మరియకు గబ్రియేలు కబురు తెచ్చిన పండుగ మార్చి 25. అంటే కబురుకు ముందురోజు కబురు తెచ్చినవాడి రోజు. గాబోర్ అనే పేరు మన చెవికి కూడా కబురు అన్నట్టే వినిపిస్తుంది. ఆ రెండు మాటలకూ చుట్టరికం ఏమీ లేదు గాని, గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది.

ఇంకో సంగతి విని మా అమ్మగారు నవ్వారు. యూరపులో చాలా దేశాలవాళ్లు ఇంటిపేరు చివర రాస్తారు గదా, హంగేరీవాళ్లు మాత్రం మనలాగే ఇంటిపేరు ముందు చెబుతారు. మనం కందుకూరి వీరేశలింగం అన్నట్టే వాళ్లు బెత్లెన్ గాబోర్ అంటారు. ఒకవేళ గాబోర్ అన్నమాట ముందు వస్తే అది ఇంటిపేరు. మీ ఏటీఎం కార్డు మీద మెరిసే చిన్న బొమ్మ ఉంటుందే, హోలోగ్రామ్, దాని వెనుకనున్న విద్యను కనిపెట్టి 1971లో నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త గాబోర్ డేనెష్. అక్కడ గాబోర్ ఇంటిపేరే. అదీ పుట్టుకతో వచ్చింది కాదు. వాళ్లది యూదు కుటుంబం. ఆయన పసివాడుగా ఉన్నప్పుడే పాత ఇంటిపేరు వదిలి గాబోర్ అనే హంగేరీ పేరు పెట్టుకున్నారు. ఉన్న ఊళ్లో అందరిలో కలిసిపోవాలంటే పేరు మార్చుకోవడం మేలని ఆ రోజుల్లో ఎన్నో కుటుంబాలు అనుకున్నాయి. ఈ మాట కొంచెం మనసులో ఉంచుకోండి.

ఇప్పుడు వాక్యంలోకి వద్దాం. గబ్రియేలు బైబిలులో ఎక్కువసార్లు కనిపించడు. కనిపించిన ప్రతిసారీ దేవుని దగ్గరనుండి కబురు తెస్తాడు, లూకా సువార్తలో పేర్లు కూడా తెస్తాడు. జెకర్యా దగ్గరకు వచ్చి పుట్టబోయే కొడుకుకు యోహాను అని పేరు చెప్పాడు. ఆరు నెలలకు మరియ దగ్గరకు వచ్చి యేసు అనే నామం చెప్పాడు. ఇద్దరితోనూ ముందుగా భయపడవద్దనే అన్నాడు. యోహాను పుట్టాక చుట్టాలంతా చేరి, మన వంశంలో ఈ పేరు ఎవరికుంది, నాన్న పేరే పెడదాం అని గొడవపెట్టారు. నోరు రాని జెకర్యా పలక అడిగి దానిమీద యోహాను అని రాశాడు. ఆ పేరు రాయగానే అతని నోరు తెరుచుకుంది. పేరు పెట్టడం ఎంత పెద్ద విషయమో చూశారా?

దానియేలు సంగతి ఇంకా లోతుగా ఉంటుంది. దానియేలుకు రెండు పేర్లు. అమ్మానాన్నలు పెట్టింది దానియేలు. బబులోను రాజుగారి అధికారి పెట్టింది బెల్తెషాజరు. ఆస్థానంలో ఆ రెండో పేరుతో కూడా పిలిచారు. దానియేలు దాన్ని కొట్టివేయలేదు, ఆ పేరుతో ఉద్యోగం చేశాడు. కానీ సాయంకాల నైవేద్యపు వేళ, కిటికీ తెరిచి యెరూషలేము వైపు చూసి ప్రార్థించే ఆ మనిషి దగ్గరకు గబ్రియేలు వచ్చినప్పుడు ఏమని పిలిచాడు? దానియేలూ అని పిలిచాడు. పరలోకంలో ఆయన పేరు మారలేదన్నమాట.

ఆ దేవదూత పేరు పెట్టుకున్నవాళ్లు హంగేరీ చరిత్రలో ఎలా బ్రతికారో ముగ్గురిని చూద్దాం.

మొదటివాడు బెత్లెన్ గాబోర్. 1580లో పుట్టి, 1613 నుండి 1629లో చనిపోయేవరకు ట్రాన్సిల్వేనియాను ఏలిన రాజు. ఆ ప్రాంతం ఇప్పుడు రొమేనియాలో ఉంది. మన ప్రొటెస్టెంటు విశ్వాసి. బైబిలు 26 సార్లు చదివాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. యుద్ధాలు చేశాడు, హంగేరీకి రాజుగా ఎన్నికైనా కిరీటం పెట్టుకోలేదు. మేము సెమినరీలో సంఘ చరిత్ర చదివే రోజుల్లో మా మనసుకు పట్టింది వేరే విషయం. ఆయన 1622లో ఒక పెద్ద విద్యాలయం పెట్టాడు. ఆ తర్వాత ఆయన ఏలుబడిలో ఒక చట్టం వచ్చింది. భూస్వామి దగ్గర వెట్టి చేసే రైతుల పిల్లలు చదువుకోవడానికి వెళ్తుంటే యజమాని అడ్డుపడకూడదని. నాలుగు వందల ఏళ్ల క్రితం! మన తాతలు పాలేళ్లుగా ఉండి, మిషను బడిలో చేరడానికి దొరగారి అనుమతి కోసం నిలబడిన కథలు మనకు తెలుసు. అందుకే ఆ చట్టం సంగతి చదివిన రోజు మాకు నిద్ర పట్టలేదు.

రెండోవాడు బరోష్ గాబోర్. రైల్వే మంత్రి. ఉక్కు మంత్రి అనేవారు. 1889లో రైలు చార్జీల పద్ధతిని మార్చి టికెట్టు బాగా చవక చేశాడు. అప్పటిదాకా రైలెక్కే స్తోమతు లేని బీదలు కూడా ఎక్కారు. ఇంతే చెప్పి ముందుకు వెళ్దాం.

మూడో ఆయన కోసమే మేము ఈ వ్యాసం రాస్తున్నాం. స్తెహ్లో గాబోర్. 1909లో బుడాపెస్టులో పుట్టారు. లూథరన్ పాస్టరుగారు. కొన్నేళ్లు బుడాపెస్టుకు దగ్గర్లోని నజ్తార్చ అనే పల్లెలో సేవ చేశారు. అక్కడ రైతుల బిడ్డల కోసం ఒక పాఠశాల నడిపారు. అంటే మనలాంటి పల్లె పాస్టరే. పెద్ద పేరున్నవారు కాదు.

1944 మార్చి 19న జర్మనీ సైన్యం హంగేరీలోకి వచ్చింది. ఆ మే నెల మధ్యనుండి జూలై మొదటి వారాల్లోపు 4 లక్షల 30 వేల మందికి పైగా యూదులను రైలు పెట్టెల్లో కుక్కి, ఎక్కువమందిని ఆష్విట్జ్‌కు పంపేశారు. ఇక్కడ మనం గమనించవలసినది ఒకటుంది. యూదులలో కొందరు అప్పటికే బాప్తిస్మం తీసుకొని క్రైస్తవులయ్యారు. చేతిలో చర్చి ఇచ్చిన బాప్తిస్మ పత్రం ఉంది. ఆ దేశపు చట్టం దాన్ని లెక్కచేయలేదు. నీ తాతలెవరు అని అడిగింది. పుట్టుకను బట్టి తీర్పు చెప్పింది.

అప్పుడు ప్రొటెస్టెంటు సంఘాలవారు మంచి కాపరి సంఘం అనే పేరుతో చేస్తున్న పనిలోకి, లూథరన్ బిషపుగారు ఈ యువ పాస్టరుగారిని పంపారు. ఆయనకు అప్పటికి 34 ఏళ్లు. అక్టోబరు 15 తర్వాత హంగేరీ నాజీలే అధికారంలోకి వచ్చి వీధుల్లో యూదులను పట్టుకొని కాల్చడం మొదలుపెట్టారు. స్తెహ్లో పాస్టరుగారు రెడ్‌క్రాస్ సాయంతో నగరంలో ఒక్కొక్క ఇల్లే సంపాదించి, పిల్లలకు ఆశ్రయాలు తెరిచారు. అలా 32 ఇళ్లు అయ్యాయి. చాలామంది పిల్లలు మారుపేర్లతో, మార్చిన కాగితాలతో అక్కడ ఉన్నారు. ఆరేడేళ్ల పిల్లవాడికి, బాబూ, ఎవరడిగినా నీ పేరు ఇది, నీ ఊరు ఇది అని నేర్పాలి. నిద్రలో లేపినా అదే చెప్పాలి. అసలు పేరు నోరు జారితే ప్రాణం పోతుంది. బుడాపెస్టు ముట్టడిలో బాంబులు పడుతుంటే నేలమాళిగల్లో పిల్లలను కూర్చోబెట్టుకొని, భార్యాబిడ్డలతో సహా అక్కడే ఉన్నారు. సుమారు 1,600 మంది పిల్లలు ఆయన ద్వారా బ్రతికారని చెబుతారు.

1945లో ముట్టడి అయిపోయింది. ఎంతోమంది పిల్లలను తీసుకుపోవడానికి అమ్మానాన్నలు రాలేదు. పాస్టరుగారు వాళ్లను వదలలేదు. బుడా కొండల దగ్గరి పెద్ద ఇళ్లలో ఒక పిల్లల ఊరు ఏర్పాటు చేశారు. పేరు గౌదియోపోలిస్, అంటే సంతోష నగరం. పిల్లలే మంత్రులను ఎన్నుకున్నారు, పిల్లలే చట్టాలు రాసుకున్నారు, తప్పు చేసినవాడిని పిల్లల న్యాయస్థానమే విచారించింది. ఆ నగరంలో అనాథలైన యూదు పిల్లలు ఉన్నారు. వాళ్ల పక్కనే, వాళ్ల తలిదండ్రులను వేటాడినవాళ్ల పిల్లలూ ఉన్నారు. ఒకే బల్ల దగ్గర తిన్నారు. కొద్ది ఏళ్లకు కమ్యూనిస్టు ప్రభుత్వం ఆ సంస్థను స్వాధీనం చేసుకుంది. పాస్టరుగారు నోరెత్తకుండా, వికలాంగుల దగ్గర, వృద్ధుల దగ్గర సేవలో కొనసాగారు. చివరికి స్విట్జర్లాండులో 1974లో ప్రభువునందు నిద్రించారు. అంతకు రెండేళ్ల ముందు ఇశ్రాయేలు దేశపు యాద్ వాషెమ్ సంస్థ, యూదులను కాపాడిన నీతిమంతులలో ఒకరిగా ఆయనను గౌరవించింది.

గబ్రియేలు పేరున్న ఆ మనిషి భయపడవద్దనే మాటను పులుపిటు మీద చెప్పి ఊరుకోలేదు. రొట్టె, మంచం, తాళం ఉన్న తలుపు, వాటితో చెప్పారు. పేరు దాచుకోవలసి వచ్చిన పిల్లలకు తన పేరును అడ్డం పెట్టారు.

ప్రియులారా, ఇదంతా మనకెందుకు?

ఈ మధ్య మన సంఘంలో ఒక యౌవన జంట బిడ్డను ప్రతిష్ఠకు తెచ్చే ముందు మా ఇంటికి వచ్చారు. "అయ్యగారూ, బిడ్డకు ఒక మంచి బైబిలు పేరు పెట్టండి. కాగితాల్లో మాత్రం వేరే పేరు రాయిస్తాం" అని తల దించుకొని అన్నారు. తల ఎందుకు దించుకున్నారో మీకందరికీ తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులైన మనవాళ్లకు వర్తించదు. మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సి అంటారు. ప్రభువును నమ్ముకున్నా పేటలో ఇల్లు మారలేదు, బావి దగ్గర చూపు మారలేదు, కాగితంలో మాత్రం మారిపోవాలి. ఈ బాధ మాకు తెలుసు. మేమూ ఆ పేటలోనే పుట్టాం.

ఆ పిల్లల ప్రాణాపాయం, మన ఇబ్బంది ఒకటేనని మేము అనం. అది వేరు, ఇది వేరు. కాగితాల మీద అబద్ధం రాయమని మేము ఎవరికీ చెప్పం. అలాగని బెదిరి తల దించుకున్న తల్లి మీద రాయి వేయడానికీ మా చెయ్యి లేవదు. ఏం రాయించాలనేది మీరు ప్రార్థించి, దేవుని ఎదుట తేల్చుకోవలసిన విషయం. పాస్టరుగా మేము అడిగేది వేరు.

మీ బిడ్డకు తన పేరు విషయంలో సిగ్గు నేర్పకండి. "బడిలో ఈ పేరు చెప్పకమ్మా" అని మీరు గుసగుసగా అన్నప్పుడు, బిడ్డకు అర్థమయ్యేది ఉత్తర్వు కాదు, ప్రభుత్వం కాదు. మన దేవుడి సంగతి దాచుకోవలసినది అని అర్థమవుతుంది. అందుకే ఇంట్లో ఆ పేరుతో గట్టిగా పిలవండి. భోజనానికి ఆ పేరుతో పిలవండి. పేటలోని సంఘపెద్దలారా, ఆదివారం నాడు ఆ పిల్లలను పేరుపెట్టి పలకరించండి. రిజిస్టరులో బెల్తెషాజరు అని ఉన్నా, మన మందిరంలోకి వచ్చినవాడిని దానియేలూ అని పిలిచే మనిషి ఒకరుండాలి. అది గబ్రియేలు చేసిన పని.

రెండో మాట, ఇప్పటికే బైబిలు పేర్లు ఉన్నవాళ్లకు. మన సంఘంలో గబ్రియేలులు ఉన్నారు, స్తెఫనులు ఉన్నారు, రూతమ్మలు, ఎస్తేరమ్మలు ఉన్నారు. పేరు పెట్టుకోవడం సులువు. బెత్లెన్ గాబోర్ పేరును వెట్టి రైతు బిడ్డ బడి దాకా మోశాడు. స్తెహ్లో గాబోర్ పాస్టరుగారు తన సంఘం కాని పిల్లల దాకా మోశారు. మన పేటకు అవతల, మనల్ని ఎప్పుడూ లోపలికి రానివ్వని ఇంట్లో ఒక బిడ్డ ఆకలితో ఉంటే, మన పేరు అక్కడిదాకా వెళ్తుందా? ఈ వారం ఆలోచించండి.

ఆ జంట మళ్లీ వచ్చారు. బిడ్డను ప్రతిష్ఠించాం. ఏ పేరు పెట్టామో ఇక్కడ రాయం. అది వాళ్లది. వచ్చే ఆదివారం మందిరంలో ఆ బిడ్డను ఎత్తుకొని మీరే అడగండి. వాళ్లమ్మ గట్టిగా చెబుతుంది.

ప్రార్థన చేద్దాం. ప్రేమగల తండ్రీ, మమ్మల్ని పేరుపేరునా ఎరిగిన దేవా, నీకు స్తోత్రం. కాగితాలకు భయపడుతున్న తలిదండ్రులకు ధైర్యం ఇవ్వండి. అన్యాయం ఉన్నచోట న్యాయం జరిగించండి. పేరు దాచుకొని బ్రతుకుతున్న పిల్లలకు మా ఇళ్లను ఆశ్రయంగా చేయండి. మేము మోస్తున్న పేరుకు తగిన పని మా చేతులకు ఇవ్వండి. యేసు నామమున వేడుకుంటున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు కృప మీకందరికీ తోడైయుండును గాక.