మీకేమవుతాడు?

దెబ్బలు తగిలిన మనిషిని క్యాజువాలిటీకి మోసుకొచ్చినవాళ్లకు ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. తాండూరు, వికారాబాద్ ఆసుపత్రుల్లో పనిచేసినన్నాళ్లూ రోజూ విన్నాను. అన్న, బామ్మర్ది, మా ఊరాయన అని జవాబులొస్తాయి. అప్పుడప్పుడు మాత్రం ఒకరు బెదురుగా, "ఏం కాడు సార్, తొవ్వల పడి ఉండె, తెచ్చిన" అంటారు. అలాంటి జవాబు విన్నప్పుడల్లా నాకు లూకా సువార్త పదో అధ్యాయం గుర్తొస్తుంది.

ఏటా నవంబరులో ధారూరులో మెథడిస్టు క్రైస్తవ జాతర జరిగే ప్రాంతమిది. మంచి సమరయుని కథ ఇక్కడ చాలామందికి తెలుసు. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారిలో దొంగలు ఒకణ్ణి కొట్టి, కొనప్రాణంతో వదిలేశారు. యాజకుడు చూసి పక్కనుంచి వెళ్లిపోయాడు, లేవీయుడూ అంతే. యూదులు దగ్గరికి రానివ్వని సమరయుడు ఆగాడు. నాలుగు సువార్తల్లో ఈ కథ లూకా ఒక్కడే చెప్పాడు. ఆయన వైద్యుడని సంప్రదాయం. నాకైతే ఈ కథలో వైద్యుడి చూపు కనిపిస్తుంది. ద్రాక్షారసం గాయాన్ని కడుగుతుంది, నూనె మెత్తబరుస్తుంది, పైన కట్టు. ఆ తర్వాత వాహనం, పూటకూళ్ల ఇంట్లో రాత్రి కాపలా, మర్నాడు పూటకూళ్లవాడికి రెండు దేనారాలు. అంటే కూలివాడికి రెండు రోజుల సంపాదన. జాలిపడ్డాడన్నది ఒక్క మాటలో అయిపోతుంది, మిగిలినదంతా పనే.

ఒక చలికాలం రాత్రి నాపరాళ్ల లారీ డ్రైవరు ఒక కుర్రవాణ్ణి తెచ్చాడు. డ్రైవరుది కర్ణాటక, తెలుగు అంతంత మాత్రం. తన చొక్కా విప్పి కుర్రవాడి తొడకు బిగించి కట్టాడు. అప్పుడా కట్టు లేకపోతే నెత్తురు పోయి మా దాకా వచ్చేవాడే కాదు. బనీనుతో వణుకుతూ ఆయన అడిగిందొక్కటే: "కేసు అవుతుందా సార్?" లేదని చెప్పి పంపించాం. తర్వాత కుర్రవాడి తండ్రి వచ్చి ఆయన కోసం ఎంత వెతికినా దొరకలేదు.

పాలిషింగు యూనిట్లో పనికొచ్చిన ఒరియా కూలీ ఒకడు తలకు దెబ్బ తగిలి వార్డులో ఒంటరిగా ఉన్నప్పుడు, పక్క మంచం రోగికి తోడొచ్చిన తండా అవ్వ అతనికీ గంజి తాగించింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఎందుకని అవ్వను ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

2025 నవంబరు 3న తాండూరు నుంచి హైదరాబాదుకు వెళ్తున్న ఆర్టీసీ బస్సు, కంకర టిప్పరు మీర్జాగూడ దగ్గర ఢీకొన్నప్పుడు, కంకరలో కూరుకుపోయినవాళ్లు ఎవరో ఏమిటో చూడకుండానే జనం చేతులేశారు. మనవాళ్లలో దయ లేదంటే నేను ఒప్పుకోను. ఉన్న దయను భయం వెనక్కి లాగుతోంది. పోలీసు స్టేషను, కోర్టు వాయిదాలు, ఆసుపత్రి బిల్లు. ఆ భయాన్ని తీయడానికే సుప్రీంకోర్టు 2016 మార్చి 30న ఆదేశాలిచ్చింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను చేరింది. ఆ సెక్షను పేరులోనే సమరయుడున్నాడు.

కథలో నన్ను పట్టి ఉంచేవాడు మాత్రం పూటకూళ్లవాడు. ప్రసంగాల్లో అతని ఊసు తక్కువ. ముక్కూమొహం తెలియని మనిషి మాట నమ్మి, చావుబతుకుల్లో ఉన్నవాణ్ణి ఇంట్లో పెట్టుకున్నాడు. ఆసుపత్రివాళ్లం మేం అతని వారసులం. ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. నా పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రజ్ఞుణ్ణి యేసు, ఈ కథ ముగించి, పడినవాడికి పొరుగువాడైంది ఎవరని తిరిగి అడిగాడు. అందుకే నెత్తురు ఆగేదాకా "మీకేమవుతాడు" అన్న ప్రశ్న మా నోటి నుంచి రాకూడదు.

దారిలో ఎవరైనా పడి ఉంటే 108కి ఫోన్ చేయండి. నెత్తురు కారేచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి, మెడ కదలనివ్వకండి. ఆసుపత్రిలో మీ పేరు చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టం. చట్టం మిమ్మల్ని బలవంతపెట్టదు.