ఈ ఒత్తు ఎవరిది?

1999లో అమీర్‌పేటంతా వైటుకే, అంటే కంప్యూటర్లకు 2000 సంవత్సరం తెచ్చిపెట్టే తేదీ చిక్కు, దాని జ్వరం. ఎటు చూసినా కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ కోచింగ్ బోర్డులే. దేవరకొండలో నాతోపాటు బస్సెక్కి ఇమ్లీబన్‌లో దిగిన దోస్తులు ఏడాది తిరిగేసరికి వీసాల ముచ్చట్లలో పడ్డారు. నేను గచ్చిబౌలిలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చేరాను. "జీతమెంతిస్తరు బిడ్డా?" అని బాపు అడిగితే స్కాలర్‌షిప్ అంకె కాస్త మెల్లగా చెప్పాను.

అచ్చు పేజీని చూసి కంప్యూటర్ అక్షరాలు గుర్తుపట్టే పనిని ఓసీఆర్ అంటారు. తెలుగు ఓసీఆర్ మీద మా విశ్వవిద్యాలయంలోని అతుల్ నేగి, చక్రవర్తి భగవతి, బి. కృష్ణ రాసిన పత్రం 2001లో సియాటిల్ సదస్సుకు వెళ్లింది. అందులో నన్ను పట్టుకున్నది ఒక్క ఉపాయం. అక్షరాన్ని అక్షరంగా చూడరు; విడిగా నిలిచిన ఒక్కో నల్లటి ముక్కనూ పట్టుకుంటారు. గుణింతాలు, ఒత్తులు కలిస్తే తెలుగులో వేల రూపాలు. ముక్కలుగా చూస్తే వందలకు దిగుతాయి. మరి వాటిని తిరిగి జతచేసేటప్పుడు, కిందున్న ఒత్తు ఎడమ అక్షరానిదా, కుడిదానిదా? ఏళ్ల తరబడి నేను తిరిగింది ఈ ప్రశ్న చుట్టే.

కొత్త పుస్తకాలతో పేచీ లేదు. నేను ఏరికోరి పెట్టుకున్నది గోలకొండ కవుల సంచిక. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా, మా పక్క పాలమూరు జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 354 మందిని కూర్చి 1934లో అచ్చేసిన సంకలనం. సీసపు అక్షరాలు అరిగి, సిరా పాకి ఒత్తులు పై అక్షరాలకు అతుక్కున్నాయి. థలో చుక్క పడకపోతే ప్రోగ్రాం దాన్ని ధ అనుకునేది. కథను కధ అని రాసే మనుషులే బోలెడుమంది, దాన్నేమనగలం! తప్పులు లెక్కపెట్టాలంటే సరైన పాఠం పక్కన ఉండాలి కాబట్టి సాయంత్రాలు కూర్చుని పద్యాలు టైపు చేసేవాణ్ణి. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉన్నా, డీటీపీ ఫాంట్లలో అప్పటికింకా ఎవరి కోడు వాళ్లదే; ఇంకొకరు టైపు చేసింది తెచ్చి వాడుకోవడం కుదిరేది కాదు.

ఇప్పుడు నా విద్యార్థులు న్యూరల్ నెట్‌వర్క్‌కు వరుస మొత్తం ఒకేసారి ఇస్తారు. ఒత్తు ఎవరిదని అడిగేవాడే లేడు. ఫలితం మెరుగే, కాదనను. కానీ పాత ప్రోగ్రాం తెలియనిచోట పిచ్చిరాత రాసేది. తప్పని చూడగానే తెలిసేది. ఇది అలా కాదు, అరుదైన ఊరి పేరును చప్పుడు కాకుండా తెలిసిన మాటగా మార్చేస్తుంది. యంత్రం చూసి చదివిందెక్కడ, ఊహించి రాసిందెక్కడ అన్నది పేజీ మీద రంగు తేడాతో చూపించే పనిలో ఉన్నాను. పద్యాల్లో ఊహ రంగు ఎక్కువే పడుతోంది.